నాంపల్లిలో ఆగిన మోకాలు

మా ఆవిడ అక్కకు ఒక మోకాలు కొత్తది, ఒకటి పాతది. కొత్తది కొలంబోలో వేశారు. పాతదాన్ని మార్చే పని మాత్రం నాంపల్లిలో ఆగిపోయింది. ఈ మాట ఎవరికి చెప్పినా నేను తమాషాకు అంటున్నాననుకుంటారు. తమాషా కాదు. దాదాపు రెండేళ్లపాటు ఆ మోకాలు నాంపల్లి స్టేషన్ రోడ్డులో ఒక ఆఫీసులో, బీరువా మీద, దారం కట్టిన ఫైల్లో కూర్చుంది. ఏ ఆఫీసో చెప్పను. ఆ రోడ్డులో ఆఫీసులకు కొదవ లేదు, ఎవరికి తోచింది వాళ్లు అనుకోవచ్చు.

మాది ఆబిడ్స్. పెద్ద పోస్టాఫీసు వెనక సందుల్లో, ఒక చెప్పుల దుకాణం పైన రెండు గదులు, ఒక వరండా. నేను అక్కడే పుట్టాను, అక్కడికి నడిచి వెళ్లేంత దూరంలో ఒక బ్యాంకులో క్లర్కుగా చేస్తున్నాను. మా అమ్మ మాతోనే ఉంటుంది, లేదా మేమే ఆమెతో ఉంటాం. తలుపు తీస్తే ఎదురుగా రిటైరైన ఒక టీచరమ్మ తలుపు. మా ఆవిడది శ్రీలంక. ఇంగ్లిష్ టీచర్లకు ఇచ్చే ఏదో శిక్షణ కోసం హైదరాబాద్ వచ్చి, మా కింది దుకాణంలో చెప్పులు కొంది. అవి వారానికే తెగాయి. మార్చుకోవడానికి వచ్చింది, మార్చినవీ తెగాయి. ఆ దుకాణదారుతో ఆమె తరఫున నేను పోట్లాడాను. చెప్పులు ఇప్పటికీ బాగుపడలేదు గానీ పెళ్లి జరిగింది.

తెలుగంతా మా అమ్మ దగ్గరే నేర్చుకుంది. అందుకని ఫోన్లో ఆమె గొంతు విన్నవాళ్లు ఎవరో పాత ఆబిడ్స్ పెద్దమ్మ మాట్లాడుతోందనుకుంటారు. పుస్తకాల తెలుగు నేర్పుదామని మొదట్లో నేను ప్రయత్నించాను. "మీ తెలుగు మీటింగుల్ల మాట్లాడేటట్టుంటది, అత్తమ్మ తెలుగుతోని కూరగాయలు దొరుకుతయ్" అంది. నేను మానుకున్నాను.

ఆమెకు తల్లీ తండ్రీ అన్నీ అక్కే. స్కూలు పిల్లల యూనిఫాంలు కుట్టి చెల్లెల్ని చదివించింది. కాలితో తొక్కే మిషను మీద అన్నేళ్లు కూర్చుని రెండు మోకాళ్లూ అరగదీసుకుంది. రెండూ మార్చాలని, ఒకటి ఇప్పుడు, ఒకటి కొన్ని నెలల తర్వాత అని డాక్టర్లు చెప్పారు. చెల్లెలు వచ్చి దగ్గరుంటేనే ఆపరేషన్ బల్ల ఎక్కుతానని అక్క చెప్పింది. సరిగ్గా అప్పుడే మేము పౌరసత్వం లెక్కలో ఉన్నాం.

ఆ లెక్క ఇలా ఉంటుంది. ఇక్కడివాణ్ని పెళ్లి చేసుకున్న విదేశీయురాలు దరఖాస్తు పెట్టాలంటే ఏడేళ్లు ఇక్కడ ఉండాలి. దరఖాస్తుకు ముందు పన్నెండు నెలలు కదలకుండా ఉండాలి. మరీ అవసరమైతే ఆ ఏడాదిలో అన్నీ కలిపి నెల రోజుల దాకా బయటికి వెళ్లొచ్చినా చూసీ చూడనట్టు పోవచ్చు. అది దాటితే పన్నెండు నెలలూ మళ్లీ మొదలు. ప్రతి దేశమూ ఇలాంటిదేదో ఒకటి పెట్టుకుందట. ఎక్కడివాళ్లయినా వేళ్లు మడిచి లెక్కపెట్టుకోవాల్సిందే.

నాంపల్లి కోర్టుల దగ్గర ఒక వకీలును పట్టుకున్నాం. ఆయన మా కాగితాలు తిరగేసి నిట్టూర్చాడు.

"ఉండుడు వేరే సార్, ఉన్నట్టు చూపెట్టుడు వేరే."

అప్పుడు నాకు అసలు సంగతి తట్టింది. దేశం దాటినవాళ్లకు విమానాశ్రయంలో ముద్ర వేస్తారు. ఇంట్లో కూర్చున్నవాళ్లకు ఎవరూ ఏ ముద్రా వేయరు. వెళ్లిన రోజులు తీసేయగా మిగిలినదాన్నే ఉండటం అంటారు. ఆ లెక్కన నేను పుట్టినప్పటినుంచీ ఆబిడ్స్‌లోనే ఉన్నానని నిరూపించమంటే నా దగ్గర కూడా ఏమీ లేదు. గ్యాస్ బుక్కు, దవాఖాన చీటీలు, ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో జెయింట్ వీల్ ముందు నిలబడి దిగిన ఫొటోలు అన్నీ మూటకట్టి తీసుకెళ్లాం. మొజంజాహీ మార్కెట్లో మా ఆవిడ సీతాఫలం ఐస్‌క్రీం తింటున్న ఫొటో వకీలు చాలాసేపు చూశాడు.

"ఇది ఏ ఏడుదో ఎట్ల తెలుస్తది? ఐస్‌క్రీం ఎప్పుడు చూసినా గిట్లనే ఉంటది" అని తిరిగిచ్చేశాడు.

నెల లోపల వచ్చేయాలన్న షరతు మీద మా ఆవిడ మొదటి మోకాలికి బయలుదేరింది. దొరికిన టికెట్ గురువారానిది. మా అమ్మ పంచాంగం తీసింది.

గురువారం దక్షిణం వెళ్లకూడదు. శ్రీలంక దక్షిణాన ఉంది. మధ్యలో మారాల్సిన చెన్నై దక్షిణాన ఉంది. ఆఖరికి మా శంషాబాద్ విమానాశ్రయం కూడా ఆబిడ్స్‌కు దక్షిణంగానే ఉంది. నేను టికెట్ మార్చలేనని, మార్చితే నెల లెక్క తప్పుతుందని అరిచాను. మా అమ్మ నా మీద అరవలేదు. ఆమె దగ్గర ఉపాయం ఉంది. మంచిరోజు కాని రోజున తప్పనిసరిగా వెళ్లాల్సి వస్తే, ముందే ఒక మంచిరోజు చూసి ప్రయాణం సంచిని పొరుగింట్లో పెట్టొస్తారు. దాన్ని ప్రస్థానం పెట్టడం అంటారు. సంచి గడప దాటిందంటే మనిషి బయలుదేరినట్టే లెక్క. ఆ తర్వాత మనిషి ఎప్పుడు వెళ్లినా దోషం లేదు. సంచిని మాత్రం మళ్లీ ఇంట్లోకి తేకూడదు, పోతూ పోతూ పొరుగింటి నుంచే తీసుకుపోవాలి.

సోమవారం పొద్దున మా అమ్మ కోడలికి బొట్టు పెట్టి, సంచి చేతికిచ్చి, ఎదురింటికి పంపింది. టీచరమ్మ దాన్ని తన మంచం కింద పెట్టుకుంది. మా ఆవిడ తిరిగి వచ్చి పప్పు తాలింపు వేసింది. ఈ కాలంలో ఇవేం పనులని నేను సణిగితే మా ఆవిడే నా నోరు మూయించింది.

"మా దగ్గర గూడ ఉంటది. పొయ్యి ముట్టించాలన్నా, ప్రయాణం పోవాలన్నా టైం చూస్తరు. మీకే ఏ నమ్మకం లేదు" అంది.

సాయంత్రానికి తెలిసింది, టూత్ బ్రష్ ఆ సంచిలోనే పోయిందని. సంచి విప్పి బ్రష్ ఇంటికి తేవడానికి మా అమ్మ ఒప్పుకోలేదు. కింద దుకాణంలో కొత్తది దొరుకుతుంది కదా అంటే, ప్రయాణం మొదలయ్యాక ఇంట్లోకి కొత్త వస్తువు ఎందుకంది. కాబట్టి గురువారం వరకు మా ఆవిడ రోజూ పొద్దున టీచరమ్మ ఇంటికి వెళ్లి పళ్లు తోముకుని వచ్చింది. తిరిగొచ్చేటప్పుడు ఒక్కోసారి అక్కడే టీ కూడా తాగేది.

మొదటి మోకాలి ఆపరేషన్ బాగా జరిగింది. అక్క కర్ర పట్టుకుని గుమ్మం దాకా రావడం మొదలుపెట్టిన రోజునే మా ఆవిడ తిరుగు విమానం ఎక్కాల్సి వచ్చింది. ఇంకొన్నాళ్లు ఉండిపొమ్మని అక్క అడిగిందట. ఉండలేనని, నెల దాటితే ఏడాది పోతుందని చెప్పిందట. ఆ మాట చెప్పేటప్పుడు తనకు సిగ్గేసిందని తర్వాత నాతో అంది. నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు.

దిగింది అమావాస్యనాడు. పట్టపగలే దిగింది, అయినా మా అమ్మ ఇంట్లోకి రానివ్వలేదు. మర్నాడు పొద్దున వస్తే చాలంది. టీచరమ్మ ఇంటికి చుట్టాలొచ్చారు, అక్కడ చోటు లేదు. నాంపల్లి స్టేషన్ ఎదురుగా ఒక లాడ్జీకి తీసుకెళ్లాను. కౌంటరు మీదున్న మనిషి ఆమె పాస్‌పోర్టు, నా ఆధార్ కార్డు పక్కపక్కన పెట్టుకుని ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. పెళ్లి సర్టిఫికెట్ అడిగాడు. అది మా దరఖాస్తు పని మీద వకీలు దగ్గరుంది. సర్టిఫికెట్ లేకపోతే నాకు గది ఇవ్వనన్నాడు. ఆమెకు మాత్రం ఇస్తానన్నాడు. విదేశీయులు దిగితే పోలీసులకు తెలపాలి కాబట్టి ఆమె వివరాలన్నీ కంప్యూటర్‌లో ఎక్కించాడు. ఇంటికి పదిహేను నిమిషాల నడక దూరంలో మా ఆవిడ విదేశీ అతిథిగా నమోదైంది. నేను ఒక్కణ్నే ఇంటికెళ్లి భోంచేసి, మర్నాడు పొద్దున ఇడ్లీ కట్టించుకుని వెళ్లి ఆమెను తెచ్చుకున్నాను.

ఇదంతా జరిగిన కొన్ని నెలలకు పన్నెండు నెలల లెక్క నిండింది. పాస్‌పోర్టు ముద్రల ప్రకారం ఆమె బయట ఉన్నది నెలకు రెండు రోజులు తక్కువే. దరఖాస్తు పెట్టాం. తేలేదాకా ఎక్కడికీ కదలొద్దని వకీలు చెప్పాడు. అక్క రెండో మోకాలిని ఆపేసింది. ఆమె ఫోన్లో మొదట అడిగే మాట మారిపోయింది. బాగున్నావా అని కాదు, నా మోకాలు గురించి మీ ఆఫీసు ఏమంటోంది అని.

విచారణకు పోలీసాయన వచ్చినప్పుడు నేను బ్యాంకులో ఉన్నాను. మా ఆవిడ కూరగాయలకు వెళ్లింది. ఏం జరిగిందో మా అమ్మే సాయంత్రం పొంగిపోతూ చెప్పింది. మంచి మనిషట, చెప్పులు కింద విడిచి పైకొచ్చాడట, టీ తాగాడట.

"మీ కోడలు ఊరికి ఎప్పుడు పోయిందమ్మా అని అడిగిండు. సోమవారం పొద్దుగాల అన్న."

నేను చొక్కా విప్పబోయి ఆగాను.

"తర్వాత?"

"ఎటు పోయింది అన్నడు. ఎదురింటికి అన్న."

"అమ్మా."

"ఏంది? ఉన్నదే చెప్పిన. ఎదురింటికి పోయి టీచరమ్మను గూడ అడిగిండు. ఔ, సోమవారం నుంచి రోజూ మా ఇంట్లనే పండ్లు తోముకునేది అని ఆమె చెప్పింది. మళ్ల ఎప్పుడొచ్చింది అన్నడు. విమానం దిగినంక ఒక పూట నాంపల్లి లాడ్జీల పెట్టినం, ఇంట్లకు రానియ్యలేదు అని చెప్పిన. అన్నీ రాస్కొని మంచిగ దండం పెట్టి పోయిండు."

మూడు వారాలకు ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. దరఖాస్తుదారు అనుమతించిన గడువుకు మించి తన చిరునామాలో లేనట్టు తెలియవచ్చినది. దేశం విడిచి వెళ్లుటకు ముందు భర్తను విడిచి ఎదురింటియందు నివసించినట్టు, తిరిగి వచ్చిన పిమ్మట అత్తవారు ఇంటిలోనికి రానివ్వనందున లాడ్జీయందు బస చేసినట్టు తెలియవచ్చినది. భార్యాభర్తలు కలిసి ఉంటున్నదీ లేనిదీ సాక్షులతో హాజరై వివరించవలెను.

ఆ కాగితం రెండుసార్లు చదివాను. అబద్ధం ఒక్క ముక్క లేదు. ప్రతి మాటా మా అమ్మ చెప్పిందే. దరఖాస్తు తిప్పి పంపితే మళ్లీ పన్నెండు నెలలు, ఆ తర్వాత మళ్లీ ఎదురుచూపు. అంతకాలం అక్క ఒంటి కాలు మీద మిషను తొక్కాలి. నేను మా అమ్మ మీద ఇంత ఎత్తున లేచాను. నీ సంచి, నీ అమావాస్య కలిసి నా కాపురాన్ని సర్కారు కాగితం మీద కూల్చేశాయన్నాను. మా అమ్మ ముఖం చిన్నబోయింది. నా పెళ్లాన్ని బయటికి పంపాల్సి వచ్చినప్పుడు ఆమె క్షేమం చూసిన మనిషిని అలా అన్నందుకు ఇప్పుడు బాధగానే ఉంది గానీ, అప్పుడు ఒళ్లు మండిపోయింది.

"ఊకోండి. అత్తమ్మ నా మంచికే చేసింది" అని మా ఆవిడ మధ్యలోకి వచ్చింది. ఆ కాగితాన్ని తీసుకుని, తనకు అర్థమయ్యే వేగంతో, వేలు పెట్టి చదివింది. "అత్తవారు ఇంటిలోనికి రానివ్వనందున" దగ్గర ఆగి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వు ఆగలేదు. ఆగాక ఏడ్చింది.

హాజరుకావాల్సిన రోజు నలుగురం నడిచే వెళ్లాం. టీచరమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని, పాత స్కూలు గొడుగు పట్టుకుని వచ్చింది. తాను చెప్పినదాంట్లో తప్పేముందో చూపించమని దారి పొడుగునా నన్ను నిలదీసింది. వకీలు మెట్ల దగ్గర కలిశాడు. మా అమ్మను పక్కకు పిలిచి, గురువారం పోయింది అని ఒక్క మాట చెప్తే చాలని నచ్చజెప్పాడు. మా అమ్మ తల ఊపింది. ఆ తల ఊపడం నాకు తెలుసు. విన్నాను అని దాని అర్థం, ఒప్పుకున్నాను అని కాదు.

లోపల ఆఫీసరు ఒక మేడమ్. పుట్టింటివాళ్లు ఎవరో కోస్తావైపు వాళ్లయి ఉండాలి, మాట అలా ఉంది. విసుగు లేని మనిషి. ముందు మా అమ్మనే కూర్చోబెట్టింది.

"అమ్మా, మీ కోడలు ఏ రోజు వెళ్లింది?"

"సోమవారం."

"పాస్‌పోర్టులో గురువారం ముద్ర ఉందండీ."

"ఆళ్ల ముద్ర ఆళ్లు ఎప్పుడన్న ఏసుకుంటరు. మేం పంపింది సోమవారం."

వకీలు దగ్గాడు. నేను మా అమ్మ భుజం మీద చెయ్యి వేశాను. ఆమె తీసేసింది. మేడమ్ మళ్లీ అడిగింది.

"సోమవారం వెళ్లింది మీ అమ్మాయి సంచి అంటున్నారు మీవాళ్లు. అమ్మాయి వెళ్లింది గురువారం కదా? అదొక్కటీ చెప్పండి, రాసుకుంటాం."

"నేను చెప్ప."

"ఎందుకని?"

"గురువారం దక్షిణం పోవొద్దు. సర్కారు కాయితం మీద నా నోటితోని గురువారం పోయిందని రాయిచ్చి, రేపు ఆ పిల్లకేమన్న అయితే జిమ్మేదారి ఎవరిది? మీరు తీసుకుంటరా?"

మేడమ్ తీసుకుంటానని అనలేదు. పక్క బల్ల దగ్గర టైపు చేస్తున్నాయన చేతులు ఆపి వింటున్నాడు. ఆయన పక్కనున్నాయన, సంచి ఎన్ని రోజులు ఉంచొచ్చని టీచరమ్మను మెల్లగా అడిగాడు. ఆమె పూర్తి వివరంతో చెప్పడం మొదలుపెట్టింది. లాడ్జీ సంగతి నన్ను అడిగారు. భార్య ఒక్కతే లాడ్జీలో ఉంటే భర్త ఎందుకు వెళ్లిపోయాడని ప్రశ్న.

"పెళ్లయినట్టు సర్టిఫికెట్ లేదని గది ఇవ్వలేదు మేడమ్."

"సర్టిఫికెట్ ఏమైంది?"

"మీకు పెట్టే దరఖాస్తు కోసమే వకీలుగారి దగ్గర ఉంది."

మేడమ్ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ఇంత చేసి ఆ ఒక్క మాట దగ్గర ఫైలు తిరిగి వెళ్లిపోతుంది. మా అమ్మ చెప్పదు. చెప్పమని బలవంతం చేసే ధైర్యం ఆ గదిలో ఎవరికీ లేదు, ఎందుకంటే అక్కడున్న వాళ్లలో సగం మంది గురువారం దక్షిణం వెళ్లేవాళ్లు కాదు.

అప్పుడు మా ఆవిడ కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"అత్తమ్మా, గురువారం విమానం పోయింది గదా?"

"ఔ. విమానం పోయింది."

"అండ్ల నేను కూసున్న గదా?"

మా అమ్మ ఆలోచించింది. ఇందులో దోషం ఎక్కడైనా ఉందేమోనని వెతుకుతోందని నాకు తెలుస్తూనే ఉంది.

"కూసున్నవ్" అంది.

"గంతే మేడమ్. గదే రాస్కోండ్రి."

మేడమ్ టైపు ఆయనకు చెప్పి రాయించింది. దరఖాస్తుదారు ప్రయాణము సోమవారము నాడు ఆచారము ప్రకారము ప్రారంభమైనదనియు, విమానము గురువారము నాడు బయలుదేరినదనియు, అందు దరఖాస్తుదారు కూర్చుని యుండిరనియు, ఈలోగా దరఖాస్తుదారు తన భర్త గృహమందే ఉండి దంతధావనము మాత్రము పొరుగింట చేసినదనియు. మా అమ్మ దాన్ని రెండుసార్లు చదివించుకుంది. గురువారం పక్కన కోడలి పేరు లేదని నమ్మకం కుదిరాక సంతకం పెట్టింది. టీచరమ్మ మాత్రం దంతధావనములో అచ్చుతప్పు ఏమైనా ఉందేమోనని కూడా చూసి పెట్టింది.

ఆ కాగితం పైకి వెళ్లింది. పైనుంచి ఒక ప్రశ్న దిగింది, పొరుగింటికీ దరఖాస్తుదారుకూ ఉన్న సంబంధమేమిటని. ఎదురుగా ఉండటమే సంబంధమని రాసిచ్చాం. ఆ తర్వాత చాలాకాలం ఏ ప్రశ్నా రాలేదు. నేను వారానికోసారి మధ్యాహ్నం భోజనం వేళ బ్యాంకు నుంచి నాంపల్లి దాకా నడిచివెళ్లి, ఫైలు ఎక్కడుందో కనుక్కుని వచ్చేవాణ్ని. బీరువా మీది నుంచి లోపలికి వెళ్లిందని తెలిసిన రోజు ఇంటికి స్వీటు తీసుకెళ్లాను. ఎందుకని అడిగితే మోకాలు బీరువాలోకి వెళ్లిందన్నాను. మా ఆవిడ అదే మాట అక్కకు ఫోన్లో చెప్పింది. అవతల అక్క పడీ పడీ నవ్వడం నాకూ వినిపించింది.

చివరికి జవాబు వచ్చింది. నీకు పౌరసత్వం ఇస్తాం, ముందు నీ దేశం పౌరసత్వం వదులుకున్నట్టు కాగితం తెమ్మన్నారు. రెండూ ఉంచుకోవడం ఇక్కడ కుదరదు. చెన్నైలోని వాళ్ల దేశపు ఆఫీసుకు వెళ్లి పాస్‌పోర్టు ఇచ్చేసి వచ్చింది. తిరుగు రైలులో నాంపల్లిలో దిగి, ప్లాట్‌ఫాం మీద కాసేపు నిలబడిపోయింది. తీసుకురావడానికి వెళ్లిన నేను ఏమైందని అడిగాను. పద్దెనిమిదేళ్లప్పటి నుంచి ఉన్న అలవాటు, ఎటు వెళ్లినా సంచిలో చెయ్యి పెట్టి పాస్‌పోర్టు ఉందో లేదో తడుముకోవడం, ఇప్పుడు తడిమితే లేదని చెప్పింది. కొత్తది వస్తుంది కదా అన్నాను. వచ్చింది కూడా. ప్రమాణం చేయించారు, సర్టిఫికెట్ ఇచ్చారు, మా అమ్మ దాన్ని దేవుడి దగ్గర పెట్టి పసుపు రాయబోతే నేను ఆపాను.

మేము ఇన్నేళ్లు ఆ సర్టిఫికెట్ కోరుకున్నది ఒక్కదానికే. అది చేతిలో పడితే రోజులు లెక్కపెట్టుకునే పని ఉండదు, అక్క దగ్గర ఆమె నడిచేదాకా ఎన్నాళ్లయినా ఉండొచ్చు. ఆ ధీమాతోనే అక్క డాక్టరుకు ఫోన్ చేసి రెండో మోకాలికి రోజు ఖాయం చేసుకుంది. మా ఆవిడ బ్యాంకులో నా సెలవు కూడా తానే లెక్కేసి, ఈసారి ఇద్దరం వెళ్దామంది.

వీసా కాగితం నింపేటప్పుడు నేనే కంప్యూటర్ ముందు కూర్చున్నాను. పుట్టిన ఊరు దగ్గర ఆమె ఊరి పేరు కొట్టాను. తర్వాత ఒక ప్రశ్న వచ్చింది. ఇంతకుముందు ఎప్పుడైనా శ్రీలంకకు వచ్చారా? మా ఆవిడ నా భుజం మీంచి చూస్తోంది. అవునని కొట్టనా కాదని కొట్టనా అని అడిగాను.  ఎందుకు వస్తున్నారు అన్నదాని కింద చూపించిన వాటిలో విహారయాత్ర ఉంది, చుట్టాలను చూడటం ఉంది. చుట్టాలు అన్నదాన్ని నొక్కాను. మర్నాటికల్లా అనుమతి వచ్చింది. నెల రోజులకు.

నేను ఆ ముక్కను మూడుసార్లు చదివాను. బ్యాంకులో జనం సంతకాలు పోల్చి చూసే నేను, నియమాలన్నీ వకీలు కంటే ఎక్కువ చదివిన నేను, ఒక్కసారి కూడా అటువైపు నుంచి ఆలోచించలేదు. ఇన్నాళ్లూ ఆమె ఇక్కడ ఎన్ని రోజులుందన్నదే చూశాను. అది వదిలి ఇది తీసుకున్నాక అక్కడ ఆమె ఎవరవుతుందో ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. మొదటి మోకాలప్పుడు అక్క సరిగ్గా నడవడానికి రెండు నెలలు దాటింది. పొడిగించమని అక్కడికి వెళ్లాక అడగొచ్చట, ఇస్తారో ఇవ్వరో ముందు చెప్పరట.

కొలంబోలో దిగాక విదేశీయుల వరసలో నిలబడ్డాం. పక్క వరసలో వాళ్ల దేశస్థులు చకచకా వెళ్లిపోతున్నారు. మా ఆవిడ అలవాటుగా అటే రెండడుగులు వేసి, ఆగి, నా దగ్గరికి వచ్చింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఏ విమానాశ్రయంలోనైనా మేమిద్దరం ఒకే వరసలో నిలబడటం అదే మొదలు. నాకు సంతోషం వేసింది. ఆ సంతోషం చూసి నాకే రోత పుట్టింది. కౌంటరులో కుర్రాడు ఇంగ్లిష్‌లో అడిగాడు, ఎక్కడ ఉంటారని. ఆమె వాళ్ల భాషలో, తను పుట్టిన ఇంటి చిరునామా చెప్పింది. అతను తలెత్తి చూసి, మీ సింహళం చాలా బాగుందని మెచ్చుకున్నాడు.

అక్క గుమ్మంలోనే కుర్చీ వేసుకుని కూర్చుంది. చెల్లెల్ని పట్టుకుని చాలాసేపు వదల్లేదు. లోపలికి వెళ్లాక కొత్త పాస్‌పోర్టు చూపించమంది. రెండేళ్లు తన మోకాలిని ఆపి తెచ్చుకున్నది కదా, ఎలా ఉంటుందో చూడాలని. అద్దాలు పెట్టుకుని ఒక్కో పేజీ తిప్పింది. ముద్ర దగ్గర ఆగి, దాని కింద రాసిన గడువు తేదీ చదివింది. గోడ మీది క్యాలెండర్ వైపు చూసింది. ఆపరేషన్ రోజుకూ ఆ తేదీకీ మధ్య ఎన్ని రోజులున్నాయో ఆమె లెక్కపెట్టుకోవడం నాకు కనిపించింది. పాస్‌పోర్టు మూసి చెల్లెలి చేతిలో పెట్టి, ఏదో ఒక మాట అంది. చిన్న మాటే. నవ్వుతూనే అంది.

"ఏమంటోంది?" అని మా ఆవిడను అడిగాను.

ఆమె వెళ్లి అక్క కాళ్ల దగ్గర నేల మీద కూర్చుని, ఆ పాత మోకాలి మీద చెయ్యి పెట్టింది.

"అప్పుడు మీవాళ్లు పిలుస్తున్నరని పోయినవ్, ఇప్పుడు మావాళ్లు పొమ్మంటున్నరు అంటున్నది" అంది.